దేవరపోతు నిలిచిన వాకిలి

మారెమ్మ పేర వదిలిన దున్న, దేవరపోతు, ఎవరి వాకిట నిలిచి మన్ను నాకుతుందో, ఆ ఇంట అమావాస్య దాటేలోగా పాడె లేస్తుందని నల్లమాడ చుట్టుపట్ల నమ్మనివారు లేరు. మంగళవారం తెల్లవారుతూనే అది బసప్ప వాకిట నిలిచి మన్ను నాకింది.

బసప్ప పదకొండు రోజులుగా జ్వరంతో పడి ఉన్నాడు. అతని భార్య ఆంజినమ్మ పరుగున పూజారి ముత్యాలప్ప ఇంటికి వచ్చింది. అది కరువు మూడో ఏడు. ఊళ్లోని ఎద్దులన్నీ సంతకు తరలిపోగా, మిగిలినది ముత్యాలప్ప ఎద్దుల జత ఒక్కటే.

“బండి కట్టు మామా. ఆయప్పను కదిరి ఆస్పత్రికి పిల్సకపోతా.”

ముత్యాలప్ప మెత్తని మనిషి. కాదనవలసి వచ్చినప్పుడు మరింత మెత్తగా మాట్లాడేవాడు.

“అమ్మ అడిగిన మనిషిని పొలిమేర దాటించకూడదు పాపా. దాటిస్తే ఆ కోపం ఊరి మీద పడ్తాది.”

“అమ్మ అడిగిందని నీకెవరు చెప్పినారు?”

“పోతు చెప్పింది. దానికి ముక్కుతాడు ఉండాదా? తోలేవాడు ఉండాడా? అది అడుగేసిందంటే అమ్మ ఏపించినట్టే.”

“మరి బండి ఇయ్యనంటాండేది ఎవరు మామా? నువ్వా, అమ్మా?”

“నాదేముండాది పాపా? నా నోట్లో మాట గూడా అమ్మదే.”

“అట్లయితే నీతో మాట్లాడి ఏం లాభం!” అని ఆమె గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

బుధవారం కూడా పోతు అక్కడే నిలిచింది. గురువారమూ నిలిచింది. ఆ సాయంత్రం ముత్యాలప్ప అమ్మవారి పసుపు బండారు పట్టుకుని, భార్య సుంకమ్మను వెంటబెట్టుకుని రోగిని చూడబోయాడు. బసప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆంజినమ్మ గిన్నె నోటికి అందిస్తే పెదవి విప్పలేదు.

“ఏమప్పా, గంజి తాగవా?” అన్నాడు ముత్యాలప్ప.

“పిలుపు వచ్చినాక గంజి ఏంటికి మామా? పొద్దున పడుకునే చూసినా. గడపలో దాని కొమ్ములు కనపడినాయి.” ఆ గొంతులో భయం లేదు. అంగడి మూసి తాళం వేసినవాడి నిబ్బరం ఉంది.

ఆంజినమ్మ గంజిని విసురుగా వాకిట్లో పారబోసింది.

“ఊరంతా సంగటికే అల్లాడతాంటే, జ్వరంతో పడుండే కాయిలా మనిషికని ఉప్పేసి కాచిన వరిగంజి మన్నుపాలు చేస్తాండావే!” అని సుంకమ్మ నొచ్చుకుంది.

ఆంజినమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని, తడిసిన మన్ను వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది.

శుక్రవారం వేకువన ముత్యాలప్ప తలుపు తీశాడు. గడపకు మూరెడు దూరంలో ఒక నల్లని ముఖం వంగి ఉంది. గరుకు నాలుక నేలను బరబరా గీస్తున్న చప్పుడు తప్ప వాకిట మరే సవ్వడీ లేదు. ఆయన “హోయ్” అన్నాడు. పోతు తల ఎత్తి ఆయనను ఒకసారి చూసి, మళ్లీ మన్ను నాకసాగింది.

ఆయనకు పుట్టి బుద్ధెరిగాక తలనొప్పి కూడా రాలేదు. అటువంటిది, గడప పట్టుకుని కూలబడ్డాడు. అరచేతులు చల్లబడ్డాయి. ఎదురింటి తిప్పయ్య వచ్చి పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

“అయ్యో, నిన్నటిదాకా ఎంత బాగుండెనో!” అన్నాడు.

“ఇంగా ఉండాను లేరా! బండి కట్టు.”

“యాడికన్నా?”

“కదిరికి. ఆస్పత్రికి.”

“పొలిమేర దాటకూడదు గదన్నా?”

“దాటకూడదని ఎవడు చెప్పినాడ్రా నీకు!”

మూగినవాళ్లందరూ నేలచూపులు చూశారు. ఎవరు చెప్పారో అందరికీ తెలుసు.

సుంకమ్మ బండిలో గడ్డి పరిచింది. ముత్యాలప్ప ఎక్కి పడుకున్నాడో లేదో, ఆంజినమ్మ సగానికి సగం చిక్కిపోయిన మొగుణ్ణి వీపున మోసుకొచ్చి ఆయన పక్కనే దించి తానూ ఎక్కింది. తిప్పయ్య ఎద్దులను అదిలించాడు. కరువు పనుల కింద వేసిన కంకర రోడ్డు మీద బండి పొలిమేర రాయి దాటింది. గడ్డిమీద పడుకున్న ఇద్దరూ కళ్లు గట్టిగా మూసుకున్నారు. చక్రాల మోత తప్ప ఏమీ వినిపించలేదు.

కొంత దూరం పోయాక బసప్ప కళ్లు తెరిచాడు.

“మామా, నీ వాకిట గూడానా?”

“ఊ.”

“నీక్కూడా భయమయితాందా?”

“ఊ.”

బసప్ప మోచేతి మీద కాస్త లేచాడు. తరువాత భార్యతో, “నీళ్లుంటే ఇయ్యి,” అన్నాడు. మూడు రోజుల తరువాత అతని గొంతులోకి దిగిన మొదటి గుక్క అది.

ముత్యాలప్పకు మాత్రం గుండె ఒక్కొక్క దెబ్బే తప్పుతున్నట్టుంది.

“పాపా, నా చెయ్యి చూడు. నాడి ఆగిపోతాండాది.”

ఆంజినమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. “గుర్రం మాదిరి పరిగెత్తుతాండాది మామా.”

“అబద్ధం! పోతు నా వాకిట మన్ను నాకింది. ఎవరూ తోలకుండా, ఎవరూ పిలవకుండా తనంతట తాను వచ్చి నాకింది.”

ఆంజినమ్మ ఆయన చేతిని మెల్లగా గడ్డిమీద పెట్టింది.

“మన ఊళ్లో కాయిలా మనిషి ఉండే ఇంట్లోనే గదా మామా ఉప్పేసి వరిగంజి కాచేది. తాగలేక మిగిలింది మా వాకిట్లో పోస్తావుంటి. ఈ పొద్దు మీ వాకిట్లో పోసినా.”