కాగితం ఇంట్లో ఉంది

"కాగితం ఇంట్లో ఉంది సార్," అన్నాడు పెయింటరు.

ఆఫీసరుకు నవ్వొచ్చింది. బస్టాపుల్లో పట్టుబడ్డవాళ్లందరి కాగితాలూ ఇళ్లల్లోనే ఉంటాయి మరి. ఆయన మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఈ దేశం పౌరుడెవడో, సరిహద్దు దాటొచ్చినవాడెవడో నడక చూసి చెప్పేస్తానని డ్రైవరుతో పందాలు కాస్తుంటాడు.

వీడేమో వదిలేలా లేడు. పుట్టింది ఈ ఊరి ఆసుపత్రిలోనేనంటాడు. బర్త్ సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉందంటాడు. అది చూపించకపోతే రేపీపాటికి సరిహద్దు అవతల ఉంటావని ఆఫీసరు బెదిరించినా జంకలేదు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఈ వేళప్పుడు ఎవరుంటారు సార్? పనుల్లోకి పోయేవాళ్లం."

సరే, వీడి ముచ్చటా తీరుద్దామని వ్యాను అటు తిప్పించాడు ఆఫీసరు. పెయింటరు హుషారుగా రెండేసి మెట్లు ఎక్కుతూ పై అంతస్తుకు దారి తీశాడు. వెనకాల ఆఫీసరుకు ఆయాసం, దాంతోపాటు ఒళ్లుమంట.

తలుపు ముందు ఆగి, తాళం చెవి కోసం జేబులో చెయ్యి పెట్టాడు పెయింటరు. లోపల కుక్కరు కూత వేసింది. జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఏమైంది? తియ్యి."

పెయింటరు మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. తలుపుకు వీపు తిప్పి నిలబడ్డాడు. తర్వాత, వరండా అంతా వినబడేలా చెప్పాడు.

"ఇది మా ఇల్లు కాదు సార్. అబద్ధమాడాను. నా దగ్గర ఏ కాగితమూ లేదు."

చూశావా, నే చెప్పలా అన్నట్టు ఆఫీసరు డ్రైవరుకు కన్నుగీటాడు. లోపలివాళ్లను ఓసారి అడుగుదామా అని డ్రైవరు నసిగితే కసిరాడు. జడ్జి ఆర్డరు లేకుండా ఎవరి తలుపో తట్టి, మొన్ననే పైవాళ్లతో అక్షింతలు వేయించుకున్నాడాయన. ఇంకోసారి ఆ భాగ్యం అక్కర్లేదు.

అక్కడికక్కడే ఫారం తీశాడు. నేను ఈ దేశంవాణ్ణి కాను, నాకు విచారణ అక్కర్లేదు అని ఉంది అందులో.

డ్రైవరుకు మనసొప్పలేదు. "విచారణ నీ హక్కయ్యా. జడ్జిగారి ముందు నిలబడి చెప్పుకోవచ్చు. తొందరపడకు."

"సంతకం ఎక్కడ పెట్టాలి సార్?" అన్నాడు పెయింటరు. పెట్టేసి, వాళ్లకంటే ముందు తనే గబగబా మెట్లు దిగాడు.

ఇంత సులువుగా ఒప్పుకునేవాడు ఇంతసేపు ఎందుకు తిప్పాడ్రా అని విసుక్కుంటూ ఆఫీసరు వ్యానెక్కాడు. వ్యాను మలుపు తిరిగిపోయింది.

పైన, ఆ తలుపు అవతల, ఈ పూట పని లేదని యజమాని పంపేస్తే ఇంటికొచ్చేసిన అతని భార్య, ఏ దేశపు కాగితమూ లేని మనిషి, మొగుడి బర్త్ సర్టిఫికెట్ ఉన్న ట్రంకుపెట్టె మీద నోరు నొక్కుకుని కూర్చుంది.