మలుపులో మామిడితోట

“కళ్లు మూసుకున్నారా ఎల్లప్పగారూ?”

“మూసినా మేడమ్.”

“ఏం కనబడుతోంది?”

“చీకటి.”

భానుప్రియ పళ్లు నూరుకుంది. తిరుపతిలో కౌన్సెలింగ్ సెంటర్ తెరిచి మూడు నెలలైంది. వచ్చిన ఒకే ఒక్క పేషెంటు ఈ మహానుభావుడు. ఇతని భయం పోకపోతే తను బోర్డు పీక్కుని పోవలసిందే. అందుకే, ఇతనికి నయమైతే కొండకొచ్చి మూడు కత్తెరల జుట్టు ఇచ్చుకుంటానని స్వామికి గుట్టుగా మొక్కుకుంది కూడా.

ఎల్లప్పకు ఘాట్‌రోడ్డంటే హడలు. మలుపు వస్తే చాలు, లోయ చూసి కాళ్లూ చేతులూ ఆడవు.

“దినామూ బస్సులో కొండకు పోవాల్సిందే మేడమ్. పోకుంటే ఉద్యోగం ఊడతాది. పెండ్లాం బిడ్డలు ఏమైపోవాల?”

“లోయ కనబడకుండా వెనక సీట్లో కూర్చోకూడదూ?”

“నా సీటు ముందరే మేడమ్. మార్చేదానికి కుదర్దు.”

ఈ మొండితనానికి మందు లేదురా దేవుడా అనుకుందామె.

“సరే, మీకు బాగా ఇష్టమైన చోటేది?”

“బంగారుపాళ్యంలో మా నాయన మామిడితోట.”

“అయితే మలుపు రాగానే కళ్లు మూసుకోండి. ఆ తోటలోకి వెళ్లిపోండి. కాయ వాసన చూడండి. చెయ్యి చాపి కోయండి.”

“ప్రతి మలుపులోనా?”

“ఒక్కటీ వదలకూడదు!”

“మీరే చెప్పినాక ఇంకేముండాది” అంటూ దణ్ణం పెట్టి పోయాడు.

వారం తిరక్కుండా మామిడికాయల సంచితో ఊడిపడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

“భయం పోయినాది మేడమ్! నిన్న పెద్ద మలుపులో రెండు చేతులా కాయలు కోసినా!”

“బస్సులో వాళ్లు నవ్వలేదా?”

“యాడ నవ్వేది? అందరూ గోవిందా గోవిందా అని ఒకటే కేకలు. ఏం భక్తి మేడమ్!”

భానుప్రియకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. అబ్బ, చదివిన చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది!

మర్నాడే అత్తగారు సుబ్బులమ్మను వెంటబెట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరింది. కొండ బస్సెక్కి, తోసుకుంటూ పోయి ముందు సీటు పట్టింది. కిటికీలోంచి చూస్తే, టీ కొట్టు జనం మధ్య ఎల్లప్ప చెయ్యి ఊపుతున్నాడు.

“నేనూ ఈ బస్సే మేడమ్! కూసోండి, వస్తా!”

“అత్తయ్యా, ఆయనే నా పేషెంటు” అంది భానుప్రియ గొప్పగా. “మలుపుల్లో చూడండి, ఎంత హాయిగా కళ్లు మూసుకుంటాడో!”

“నీ చెయ్యి మంచిదే తల్లీ” అని మురిసిపోయింది సుబ్బులమ్మ.

బస్సు నిండింది. కండక్టరు తలుపు మూసి విజిలేశాడు.

ఎల్లప్ప స్టీరింగుకు దణ్ణం పెట్టుకున్నాడు.