గంగ పడిన చోటు

నీళ్లు చూసే నాగప్ప పచ్చగడ్డి మీదకు రాగానే, అరచేతిలోని టెంకాయ నిలువుగా లేచింది.

"ఈడ గంగ ఉండాది! బోరు ఏయండప్పా."

ఎర్రిస్వామి తల గోక్కున్నాడు. "గంగ కాదన్నా. నేను రోజూ ఉచ్చ పోసే చోటది."

ఎర్రిస్వామి అన్న నరసింహులు నవ్వాడు. "ఒక్కనితో ఇంత గడ్డి మొలుస్తాదా?"

"చక్కెర జబ్బు కాదు, ఇంకోటని డాక్టరు చెప్పలే? తాగింది తాగినట్టే పోతాది. మాత్ర పట్టు తగ్గితే గంటకోసారి ఈడికే వస్తాండా."

నాగప్ప గడ్డిలోంచి ఎగిరి దూకాడు. "ఏమైనా నా టెంకాయ అబద్ధమాడలేదప్పా!"

తమ్ముడి దప్పికను దొంగేషమని తిట్టే నరసింహులు ఈసారి నవ్వలేదు. ఎండిన చేను మధ్య ఆ పచ్చదనాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్ని నీళ్లు పోతాండాయా నీకు? నువ్వు తాగకుండా నీళ్ల బిందెలు గదిలో పెట్టి తాళమేస్తినే!"

మొలతాడుకున్న తాళంచెవి విప్పి తమ్ముడి చేతిలో పెట్టాడు.