రెండోవైపు ఆఖరి పాట

గాయకుడు ఇల్మో అంత్యక్రియలకు టాంపెరే నగరంలోని అభిమానలోకం యావత్తూ, అంటే నలభై మంది, అతని గ్రామఫోన్ రికార్డు చంకన పెట్టుకుని భక్తితో తరలివచ్చింది.

రికార్డు కొన్నవాడే శ్రద్ధగా వింటాడని ఇల్మో తమ బ్యాండు పాటల్ని ఫోన్లలోకి రానివ్వలేదు.

"ఒక్క మాటైనా చెప్పకుండా ప్రాణం తీసుకున్నాడు, వెధవ," అంది బ్యాండులో డ్రమ్స్ వాయించే రైయా. "వాడి పాటొకటి వేద్దాం. రికార్డు ప్లేయర్ ఎవరింట్లో ఉంది?"

అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు.

"మేం రికార్డుని గోడకు తగిలించాం. అట్ట భలే ఉంటుంది," అన్నాడొకడు.

"అద్భుతంగా ఉందని వాడికి రాశావు కదరా!" అంది రైయా.

"నువ్వూ రాశావుగా. విన్నావా?"

రైయా పాతసామాన్ల కొట్టుకెళ్లి ప్లేయర్ తెచ్చింది. ఇల్మో ఇంట్లో ఒంటరిగా పాడి చేర్చిన ఆఖరి పాట మొదటిసారి మోగింది:

"ఇది విన్నవాళ్లు ఎవరైనా వచ్చి నా తలుపు తట్టండి."