పుష్పలీల పొలం

"పెట్టకు చిన్నమ్మా! సంతకం పెట్టినవంటే ఇగ ఆ పొలంల ఇల్లు కాదు గదా, కోళ్ల గూడు గూడ కట్టలేం!"

పొద్దున్నే లండన్ పక్కనున్న హారోలో బయలుదేరి వచ్చిన రితేష్ ఇంకా కోటైనా విప్పలేదు. పుష్పలీల చేతిలో పెన్ను కాగితం మీద అలాగే ఆగిపోయింది.

"లీడ్స్ దారి ఇయ్యాల గుర్తొచ్చిందారా నీకు?" అంది అక్క కొడుకుతో.

"డ్యూటీలు అట్లుంటయి, ఏం జెయ్యాలె? ఈ ముచ్చట ఇను. కౌన్సిల్ పర్మిషన్ ఇస్తదంటున్నరు. వరుసగా ఇండ్లు లేస్తయి. అండ్ల ఒకటి నీకే."

"ఉన్న ఇంట్లనే సగం గదులకు తాళాలేసి ఉన్నయి. ఇంకోటి నాకెందుకు?"

ఎదురుగా కూర్చున్న ప్రవల్లిక గొంతు సవరించుకుంది. గ్లాస్గోలో చదువు ముగించి, పల్లె భూముల్ని కాపాడే ట్రస్టులో ఈ మధ్యే చేరిన పిల్ల.

"ఇందులో బలవంతం ఏమీ లేదు ఆంటీ. మీకిష్టమైతేనే. పొలం మీదే, కావాలంటే అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే ఎవరి చేతికెళ్లినా దున్నకూడదు, కట్టకూడదు. ఆ గడ్డి, ఆ పూలు, ఆ పిట్టలు ఎప్పటికీ అలాగే ఉండాలి."

"పిట్టలంట! చిన్నమ్మా, అండ్ల ఒక్క పిట్ట పేరన్న ఎరికేనా నీకు?"

"ఎరికలేదు."

"చూడు మరి!" రితేష్ గెలిచినట్టు నవ్వాడు.

కిటికీ అవతల సన్నగా వాన పడుతోంది. ఇవాళ వచ్చిన ఈ ఇద్దరి అడుగులు తప్ప, గేటు నుంచి గుమ్మం దాకా గడ్డి ఎక్కడా నలిగి లేదు.

"ఆఖరి మాట చెప్తున్న. సంతకం పెడితే నేనిగ ఈ ఇంటికి రానే రాను."

పుష్పలీల అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టేసింది. ప్రవల్లిక తల దించుకుంది. రితేష్ ఊపిరి పీల్చుకుని, అప్పుడు కోటు విప్పాడు.

"సంతకం పెడ్త బిడ్డా. గని ఒక షరతు తక్కువైంది" అంది పుష్పలీల.

ప్రవల్లిక చటుక్కున తలెత్తింది. "చెప్పండి ఆంటీ, రాసేద్దాం. పూల గురించా, పిట్టల గురించా?"

"పొలం చూసిపోనీకె ఏటా ఒకసారి మీ మనిషి తప్పకుండ రావాలె గదా?"

"అవునాంటీ. రూల్ అది. గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, అరగంటలో వెళ్లిపోతారు. మీకేం ఇబ్బంది ఉండదు."

"అట్ల పోవద్దు. లోపలికొచ్చి, నా తోటి కూసొని అన్నం తినే పోవాలని రాయి."