పిండి వైపు మనిషి

పిండి గిన్నె పెట్టిన చోట లేదు.

పొయ్యి పక్కన, వెచ్చగా ఉంటుందని కోడలు గిన్నె పెట్టిన చోట ఇప్పుడు అత్తగారి బంగాళాదుంపల బుట్ట ఉంది. గిన్నె కిటికీలో చలిగాలికి కూర్చుంది.

కోడలు బుట్టను కిందికి దించి, గిన్నెను మళ్ళీ దాని చోట పెట్టింది.

"సాయంత్రానికి ఆ ఓవెన్ ఇంట్లోంచి పోవాలి. గుర్తుందిగా?" అంది అత్తగారు.

"గుర్తుంది. పోదు."

ఓవెన్ కొత్తగా వచ్చిన రోజున ఫ్యూజు పోయి, కింది వాటాలూ పై వాటాలూ చీకటయ్యాయి. మర్నాడే ఇంటి ఓనరు దగ్గర్నుంచి గుమాస్తా కబురు తెచ్చాడు. ఓవెన్ ఉంచుకుంటారో, ఇల్లు ఉంచుకుంటారో ఆదివారం సాయంత్రానికి తేల్చుకోమని.

ఆ ఓనరును ఇంట్లో ఎవరూ చూడలేదు. అన్నీ గుమాస్తా ద్వారానే. చూడలేదు కాబట్టి భయం మరీ ఎక్కువ. గుమాస్తా నోట 'ఓనరుగారు' అన్న మాట రాగానే మామగారు కుర్చీలోంచి లేచేవారు.

కోడలు కరెంటు పని మనిషిని పిలిపించి వైరు మార్పించింది. తర్వాత ఫ్యూజు పోలేదు. ఆ సంగతి ఓనరుకు చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు.

పోనీ బ్రెడ్డయినా సరిగ్గా వచ్చిందా అంటే, అదీ లేదు. కాల్చినప్పుడల్లా ఇటుక దిగేది. ఎందుకో కోడలికి తెలుసు. వంటింట్లోంచి వెళ్ళే ప్రతివాళ్ళూ పొంగిందా లేదా అని పిండిలో వేలు గుచ్చేవారు. మామగారు పేపరు చదువుతూ గుచ్చేవారు. మరిది పళ్ళు తోముకుంటూ గుచ్చేవాడు. ఓవెన్లో పెట్టాక తలుపు తీసి చూసేవారు. పొంగింది పొంగినట్టే చతికిలబడేది.

ఇవాళే ఆ ఆదివారం. కోడలి పిల్లాడి పుట్టినరోజు కూడా. ఇటువైపు బంధువులూ అటువైపు బంధువులూ వచ్చారు. అందరికీ తన చేతి బ్రెడ్డే పెడతానని కోడలు పంతం పట్టింది.

పెరటి తలుపు తోసుకుని ఒక ముసలావిడ వచ్చింది. గడపలో నిలబడి కాసేపు చూసి, ఏం కాలుస్తున్నావని అడిగింది.

"ఇంకా కాల్చలేదు పెద్దమ్మగారూ. వీళ్ళు కాల్చనిస్తే కదా."

అత్తగారి వైపు ఆవిడ అనుకుంది కోడలు. కోడలి వైపు ఆవిడ అనుకుంది అత్తగారు. అందుకే ఎవరూ ఎవరినీ అడగలేదు.

అంతలో మరిది వచ్చి గిన్నె మూత తీశాడు. ముసలావిడ గరిటె తీసుకుని అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

"వేలు తియ్యి నాయనా."

తీశాడు. ఆవిడ పీట లాక్కుని గిన్నె పక్కనే కూర్చుంది. పేపరుతో వచ్చిన మామగారు గరిటెను చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఈసారి అత్తగారు వచ్చింది.

"వదినగారూ, అందరూ హాల్లో ఉన్నారు. మీరు ఇక్కడెందుకు?"

"ఇక్కడ బాగుంది."

"ఇంతకీ మీరు ఎవరి వైపు?"

"ప్రస్తుతానికి పిండి వైపు."

అత్తగారి మొహం మాడిపోయింది. కోడలి తరఫు వాళ్ళకి పొగరు పుట్టుకతోనే వస్తుందని హాల్లోకి వెళ్ళి మామగారి చెవిన వేసింది.

పిండి గిన్నె అంచు దాటి పొంగింది. కోడలు దాన్ని అచ్చులో వేసి ఓవెన్లో పెట్టి, చేతులు తుడుచుకుని నిలబడింది. ముసలావిడ పీటను ఓవెన్ ముందుకు జరుపుకుంది.

"ఓనరుకు ఇష్టం లేదటగా. హాల్లో అనుకుంటున్నారు."

"ఇష్టం లేకపోతే వచ్చి చూడమనండి. వైరు మార్పించాను. ఫ్యూజు పోవడం లేదు. చూడకుండా తియ్యమంటే నేను తియ్యను. కావాలంటే ఆయన ఎదురుగానే కాలుస్తాను."

"బయటికి పొమ్మంటే?"

"బ్రెడ్డు దించాక పోతాను. సగంలో మాత్రం తలుపు తియ్యను."

ముసలావిడ ఓవెన్ అద్దంలోకి చూస్తూ, "తియ్యకు," అంది.

కాసేపటికి వాసన హాల్లోకి పాకింది. ఒక్కొక్కళ్ళే వంటింటి గుమ్మం దాకా వచ్చారు. ఎవరూ తలుపు జోలికి పోలేదు. దించేసరికి బ్రెడ్డు బంగారు రంగులో, తలెత్తి నిలబడి ఉంది.

అత్తగారు దాన్ని హాల్లోకి తీసుకెళ్ళి, మేమూ ఇంట్లోనే చేసుకుంటామని అందరికీ తానే కోసి పెట్టింది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న ముసలావిడతో మాత్రం, మీవాళ్ళు బయల్దేరుతున్నట్టున్నారు వదినగారూ అని గుర్తుచేసింది.

ఆవిడ అచ్చుకు అంటుకున్న మాడు ముక్కను గోటితో తీసుకుని, నోట్లో వేసుకుని, వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయింది.

కోడలు వేడి ముక్కకు వెన్న రాసి తెచ్చేసరికి పీట ఖాళీ. పెరట్లోకి, సందు చివరిదాకా వెళ్ళి చూసింది. కనిపించలేదు.

సాయంత్రం గుమాస్తా వచ్చాడు. మామగారు లేచి నిలబడ్డారు. ఓవెన్ ఇప్పుడే తీసేస్తున్నామని, ఓనరుగారితో కాస్త మంచిగా చెప్పమని అన్నారు.

"తియ్యడం లేదు," అంది కోడలు ఓవెన్‌కి అడ్డంగా నిలబడి. "ఆయన్నే వచ్చి చూసుకోమనండి."

గుమాస్తా ఇద్దరినీ వింతగా చూశాడు. ఇప్పుడు తియ్యమని ఎవరన్నారు, అక్కడ ఇంకో ప్లగ్గు పెట్టించమని తనను పంపించారు కదా అన్నాడు.

"చూడకుండానే?" అన్నారు మామగారు.

"చూడకపోవడమేమిటండీ, మీ చేత ఖాళీ చేయించే వస్తానని పొద్దున పంతం పట్టి వచ్చింది మా ఓనరమ్మగారే కదా, తిరిగొచ్చి, మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు గానీ ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ ఇల్లు వాళ్ళదే అన్నారు."