నెత్తిమీద పసుపు గుర్తు

ఒక వీడియో గేములో నేను కుమ్మరిదాన్ని. నా నెత్తిమీద పసుపు గుర్తు వెలుగుతుంటే నాకేదో సాయం కావాలని అర్థం. నాకు రాసిచ్చిన మాట ఒక్కటే: "నా బిడ్డకి జ్వరం, మందు తెచ్చిపెట్టు నాయనా!"

అనడమే ఆలస్యం, మా వీరుడు కత్తి దూస్తాడు. మూడు కొండలెక్కి, రాక్షసుడి పీక కోసి, మూలిక తెచ్చి నా చేతిలో పెడతాడు. నేనిచ్చే మట్టికుండకే పొంగిపోతాడు. నాకసలు బిడ్డే లేదు. గేము చేసినవాళ్లు ఆ బొమ్మ గీయడానికి బద్ధకించారు.

ఈరోజూ మూలిక తెచ్చాడు. అంతలో తెర అవతల, వీరుణ్ణి ఆడిస్తున్న అతని కుర్చీ వెనక, భార్య గొంతు వినిపించింది.

"పొద్దుట్నుంచి మూడుసార్లు చెప్పాను. పాప ఒళ్లు కాలిపోతోంది. సందు చివర మందుల షాపుకి వెళ్లిరండి."

"ఊఁ."

ఆవిడ విసురుగా లోపలికి వెళ్లింది. పసుపు కాగితాన్ని అచ్చం నా గుర్తులాగే కత్తిరించి, పిన్నుతో జుట్టులో గుచ్చుకుని వచ్చి, నాకూ అతనికీ మధ్య నిలబడింది.

ఈసారి మా వీరుడు తలెత్తి చూశాడు.

"తెస్తే ఏమిస్తావు?"